తొమ్మిదేళ్ళ ముసలమ్మ

పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే తొమ్మిదేళ్ళ పిల్ల ఏం చెప్తుంది? బొమ్మ అంటుంది, సైకిలు అంటుంది, మరీ గడుసుదైతే కొత్త ఫోను అంటుంది. ఉస్తీనా మాత్రం కాసేపు ఆలోచించి, నడుం మీద చెయ్యి వేసుకుని, "కుక్కబొచ్చు నడుం పట్టీ కొనిపెట్టు అమ్మమ్మా. చలి మొదలైన దగ్గర్నుంచీ నడుం ఒకటే లాగుడు" అంది.

తయీసియా మకారివ్నా చేతిలోని గరిటె బోర్ష్ పులుసు గిన్నెలోకి జారిపోయింది.

"నీ మొహం! తొమ్మిదేళ్ళదానికి నడుమేమిటే?"

"బాగుంది. నీకొక్కదానికే ఉంటుందా నడుం? కింద బెంచీ మీద అందరికీ పట్టీలున్నాయి. రైసా లియొనిదివ్నా గారికైతే రెండున్నాయి, ఒకటి ఉతికితే ఇంకొకటి." అని గిన్నెలోకి తొంగిచూసి, "బీట్‌రూటు ఎక్కువేశావు. నీకసలే షుగరు, చూసుకో" అని ఒక హెచ్చరిక కూడా పడేసింది.

నవ్వొచ్చే మాటే. తయీసియా నవ్వింది కూడా. గరిటె బయటికి తీసేలోపే ఆ నవ్వు ఆగిపోయింది. పిల్ల వేళాకోళం ఆడటంలేదు. దానికి నిజంగానే పట్టీ కావాలి.

అయినా ఇందులో పిల్ల తప్పేముంది చెప్పండి? ఊరి శివార్లలోని ఉత్తర సల్తీవ్కాలో వాళ్ళుండేది తొమ్మిదంతస్తుల ఇల్లు. యుద్ధానికి ముందు అందులో నలభై ముగ్గురు పిల్లలుండేవాళ్ళు. సాయంత్రమైతే చాలు, వాళ్ళ గోల భరించలేక రెండో అంతస్తు రైసా లియొనిదివ్నా బాల్కనీలోంచి బకెట్టుడు నీళ్ళు కుమ్మరిస్తానని బెదిరిస్తూ ఉండేది. ఇప్పుడా పిల్లల్లో కొందరు ల్వీవ్‌లో, కొందరు పోలండ్‌లో, కొందరు జర్మనీలో ఉన్నారు. సగం కిటికీలకి అద్దాలు పోయి చెక్కలు మిగిలాయి. ఇంట్లో మిగిలినవాళ్ళు ఇరవై ఆరుమంది పెన్షనర్లు, రెండు పిల్లులు, ఒక ఉస్తీనా. వాళ్ళమ్మ ఇన్నా ఆసుపత్రిలో నర్సు. గాయాలతో వస్తున్నవాళ్ళని వదిలేసి ఎక్కడికి పోతానంటుంది. మూడు రోజులకోసారి ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే సోఫా మీద నిద్రపోతుంది. నాన్న ఫ్రంట్‌లో ఉన్నాడు, ఆదివారాలు ఫోన్ చేస్తాడు.

బడి కంప్యూటర్లోనే. తెర మీద టీచరు మొహం ఒకటి, చుట్టూ ఇరవై నల్లటి గళ్ళు. నెట్టు చాలదని కెమెరాలు తెరవరు కనుక ఉస్తీనా స్నేహితులంటే నల్లటి గళ్ళ మీద రాసున్న పేర్లే. ఒంటిగంటకి గళ్ళు ఆరిపోతాయి. ఆ తర్వాత పిల్ల శాలువా కప్పుకుని గుమ్మం ముందు బెంచీ దగ్గరికి వెళ్తుంది. అక్కడ దాని చోటు దానికుంది, రైసా లియొనిదివ్నాకీ ఆరో అంతస్తు జినోవీ కార్పోవిచ్‌కీ మధ్యన. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఎవరి బీపీ ఎంతో, ఏ మందుల షాపులో ఏ మాత్ర దొరుకుతుందో, పెన్షను ఈ నెల ఆలస్యమవుతుందో లేదో సాయంత్రం దాకా మాట్లాడుకుంటారు.

నడుం పట్టీ సంగతి ఫోన్లో చెప్పగానే ఇన్నా పకపకా నవ్వింది. 

"అమ్మా," అంది నవ్వు ఆపి, "ఏదో ఒకటి చెయ్యి. డాన్సో, పాటో, కుస్తీయో, ఏదైనా సరే. పిల్లలున్నచోట పడెయ్యి దాన్ని. యుద్ధం అయిపోయేసరికి నా కూతురు పెన్షనుకి దరఖాస్తు పెట్టేలా ఉంది."

"పడేస్తాలే. అదెంత పని" అంది తయీసియా.

అదెంత పనో ఆ తర్వాత తెలిసొచ్చింది. ఈ ఊళ్ళో పిల్లలకి బడయ్యాక ఏదైనా నేర్పించాలంటే ముందు అడిగేది ఏం నేర్పుతారని కాదు, బాంబులు తగలకుండా ఎంత లోతులో నేర్పుతారని. ఈత కొలను గాజు కప్పు కింద ఉంది కనుక మూసేశారు. మెట్రో స్టేషన్లో పిల్లల బృందగానం ఉందన్నారు. వెళ్ళి అడిగితే, చోటు లేదు, వసంతకాలంలో కనుక్కోండన్నారు. కుస్తీ నేర్పే నేలమాళిగ ఒకటి దొరికింది. అక్కడి కోచ్ పుస్తకం తెరిచి, వేలు కిందికీ కిందికీ దించుకుంటూ పోయి, "నూట పన్నెండో నంబరు" అన్నాడు.

"అంటే ఎప్పటికి పిలుస్తారు బాబూ?"

"అప్పటికి దీని బరువు మారిపోతుంది పెద్దమ్మా, వేరే జాబితాలో పడుతుంది. మళ్ళీ మొదట్నించీ రాయించుకోవాలి."

పక్క వీధిలో అన్ని వయసులవారికీ చదరంగం అని బోర్డు చూసి ఎగిరి గంతేసినంత పనిచేసింది తయీసియా. మెట్లు దిగి చూస్తే అన్ని వయసులూ డెబ్బై పైనే. నలుగురు ముసలాళ్ళు కోట్లు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఉస్తీనా మొహం వెలిగిపోయింది. అరగంటలో ఒకాయనతో మూత్రపిండాల్లో రాళ్ళ గురించి మాటల్లో పడింది. ఆయన ఎత్తు మరిచిపోయి ఏనుగుని పోగొట్టుకున్నాడు. పిల్లని రెక్క పట్టుకుని లాక్కొచ్చేసరికి తయీసియాకి తాతలు దిగొచ్చారు.

తర్వాతది గ్రంథాలయం కింద చేతిపనుల క్లాసు. అది తీరా చూస్తే, సైన్యం శత్రువుకి కనపడకుండా కప్పుకునే మరుగు వలలు అల్లే పదకొండుమంది అమ్మమ్మల జట్టు. తయీసియా శాలువా సర్దుకునేలోపే ఉస్తీనా ఒకావిడ వేసిన ముడిని విప్పదీసి, "ఇలాగైతే గాలికే ఊడిపోతుందండీ, మనసు పెట్టి చెయ్యాలి" అని మందలిస్తోంది. ఆవిడ బుద్ధిగా తలూపుతోంది. గంట గడిచేసరికి పిల్లని జట్టుకి పెద్దని చేద్దామనే దాకా వచ్చింది వ్యవహారం.

"ఇది బాగుందమ్మమ్మా" అంది ఇంటికొస్తూ. "మర్యాద తెలిసిన మనుషులు. అరుపులూ కేకలూ లేవు."

"నోరు ముయ్యి" అంది తయీసియా. ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు.

అలా కాళ్ళరిగేలా తిరిగి తిరిగి విసిగిపోయిన రోజుల్లో, తపాలాఫీసు వరుసలో ముందు నిలబడ్డ అమ్మాయి ఫోన్లో ఎవరినో, "నా దగ్గర పద్నాలుగుమంది పిల్లలున్నారండీ, పెట్టుకోడానికి చోటే లేదు" అని బతిమాలుకుంటుంటే వింది. తయీసియా ఆ అమ్మాయి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పారిపోతుందేమోనని భయం.

ఆ అమ్మాయి పేరు యారీనా ఒస్తాపివ్నా, జానపద నృత్యం నేర్పుతుంది. సెప్టెంబరులో ఆవిడ హాలు పైకప్పు బాంబుకి పోయింది. ఆ వేళ క్లాసు లేదు కనుక పిల్లలు మిగిలారు.

"మాకు బేస్‌మెంటుంది" అంది తయీసియా.

"ఎత్తెంత?"

"చెయ్యెత్తితే పైపు తగులుతుంది."

"పర్వాలేదు. హోపాక్ డాన్సులోంచి గెంతులు తీసేశాం. ఇప్పుడు మావాళ్ళు పైకి గెంతరు, పక్కకి గెంతుతారు. వెడల్పుందా?"

"కావలసినంత."

"ద్వారాలు రెండుండాలి. ఒకటి మూసుకుపోతే ఇంకోదాంట్లోంచి పిల్లల్ని తియ్యాలిగా. అది చూడందే అనుమతివ్వరు. రెండున్నాయా?"

తయీసియా ఒక్క క్షణం తటపటాయించింది. "ఉన్నాయి" అంది.

అబద్ధం కాదది. రెండో ద్వారం ఉంది. కాకపోతే దాన్ని ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ చూడలేదు. తొంభైలలో ఇంట్లో ప్రతివాళ్ళూ బేస్‌మెంటులో ఎవరికి దొరికిన మూలని వాళ్ళు చెక్కలు కొట్టి, తాళం వేసి, బంగాళదుంపలకీ ఊరగాయ సీసాలకీ కొట్టు కట్టేసుకున్నారు. అప్పట్లో ట్రాము నడిపే జినోవీ కార్పోవిచ్ అందరికన్నా ఆలస్యంగా డ్యూటీ దిగొచ్చి, ఇంకెక్కడా మూల దొరక్క, నడవా చివర రెండో ద్వారానికి అడ్డంగా కట్టుకున్నాడు. యుద్ధం మొదట్లో అందరూ నెలన్నర ఆ బేస్‌మెంటులోనే బతికి, కొట్లన్నీ ఖాళీ చేసి సీసాలన్నీ పంచుకు తినేశాక, చాలామంది చెక్కలు పీకి పొయ్యిలో పెట్టేశారు. ఆ ఒక్క కొట్టు మాత్రం మిగిలింది.

తయీసియా బంగాళదుంప అట్లు వేడివేడిగా వేసి, పుల్లటి మీగడ గిన్నెతో సహా ఆరో అంతస్తు ఎక్కింది. జినోవీ కార్పోవిచ్ ఎనిమిది అట్లు తిన్నాడు. మీసాలు తుడుచుకున్నాడు.

"కుదరదు" అన్నాడు.

"ఇంకా నేనేమీ అడగలేదుగా!"

"ఎనిమిది అట్లు ఊరికే ఎవరు పెడతారమ్మా? రైసా చెప్పిందిలే. పిల్లలు గెంతితే నేల అదురుతుంది. నేల అదిరితే సీసాల మూతలు లేస్తాయి."

"ఓరి దేవుడా! కార్పోవిచ్ గారూ, మూడేళ్ళుగా బాంబులకి లేవని మూతలు పిల్లల గంతులకి లేస్తాయా?"

"బాంబు ఒకసారి అదిరిస్తుంది. వాళ్ళు వారానికి రెండు రోజులు అదిరిస్తారు." అని కుర్చీలో వెనక్కి వాలి, తన మామూలు పాట ఎత్తుకున్నాడు. "మన వయసుకి కావలసింది ప్రశాంతత తయీసియా. ఇంకెన్నాళ్ళుంటాం గనక!"

పోట్లాడదామనే అనుకుంది తయీసియా. ఈలోపే ఆయన కిందికి తీసుకెళ్ళి కొట్టు తాళం తీసి చూపించాడు, ఖాళీ చెయ్యడం ఎంత కష్టమో చూడమని. అరల మీద పూల కాగితం పరిచి ఉంది. ముప్ఫై ఒక్క సీసాలు దుమ్ము లేకుండా తుడిచి ఉన్నాయి. ఒక్కోదానికీ చీటీ అంటించి ఉంది, గుండ్రటి చేతిరాతతో. దోసకాయ, జులై, రెండువేల ఇరవై ఒకటి, వెల్లుల్లి తక్కువ, జినోవీకి కడుపునొప్పి. ఆ చేతిరాత ఆయన భార్య హన్నాది. ఆవిడ ఆ ఆగస్టులోనే పోయింది. ఆకలి రోజుల్లో ఈయన దుంపలిచ్చాడు, పందికొవ్విచ్చాడు, పొయ్యిలోకి తన కుర్చీ కూడా విరిచిచ్చాడు. వీటి జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు. తయీసియా మీగడ గిన్నె పట్టుకుని పైకి వచ్చేసింది. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలని ఎంత చూసినా రాలేదు.

కానీ పిల్ల సంగతేం చెయ్యాలి? అటు జాలిపడితే ఇటు పిల్ల పోతుంది. రెండు రోజులు మథనపడి, సిగ్గు విడిచి, ఇంటి సంఘానికి పెద్ద అయిన రైసా లియొనిదివ్నా చేత సమావేశం పెట్టించింది. ఆవిడ ఇంటివాళ్ళ ఫోను గుంపులో పెద్ద అక్షరాలతో రాసింది: శనివారం పదకొండింటికి బేస్‌మెంటులో, విషయం పిల్లలు, కుర్చీ ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. దాని కింద అప్పుడే పన్నెండుమంది వద్దని రాశారు, ఏ విషయమో చదవకుండానే. ఒకాయన మాత్రం నీళ్ళెప్పుడొస్తాయని అడిగాడు.

శనివారం అందరూ వచ్చారు. తయీసియా లేచి తనకి చేతనైనట్టు చెప్పింది. పద్నాలుగుమంది పిల్లలు, వారానికి రెండు రోజులు, గంటన్నర.  "నా మనవరాలికి ఒక్క స్నేహితురాలు లేదు. మీకందరికీ తెలుసు. దాన్ని చూస్తే నాకు భయమేస్తోంది" అని కూర్చుంది.

జినోవీ కార్పోవిచ్ తన సీసాల సంగతి చెప్పాడు. రైసా లియొనిదివ్నా తన తలనొప్పి సంగతి చెప్పింది. బయటి పిల్లలు బూట్లతో మట్టి తెస్తారని ఒకరు, మరుగుదొడ్డి ఎవరు కడుగుతారని ఇంకొకరు లేచారు. ఓటు పెడదామంటుండగా వెనక నుంచి ఒక చెయ్యి లేచింది.

"నాకు ఓటు లేదనుకోండి. ఒక మాట చెప్పొచ్చా?"

ఉస్తీనా. శాలువా భుజాల మీద సర్దుకుని, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి నిలబడింది.

"నేను జినోవీ కార్పోవిచ్ గారి పక్షం" అంది. తయీసియా తల పట్టుకుంది. "పైన గోల ఉండనే ఉంది. కింద కూడా గోలైతే మనలాంటివాళ్ళం ఎక్కడికి పోతాం? పిల్లలంటే అల్లరి. గోడలు గీకుతారు. చెప్తే వినరు."

జనం నవ్వడం మొదలుపెట్టారు. రైసా లియొనిదివ్నా కళ్ళు తుడుచుకుంటూ, "చెప్పు తల్లీ, చెప్పు" అంది. పిల్ల ఇంకాస్త ఉత్సాహపడింది.

"మన వయసుకి కావలసింది ప్రశాంతత. మా అమ్మమ్మ డాన్సు నేర్చుకోమంటుంది. ఇప్పుడు నేర్చుకుని నేనేం చేసుకోవాలి చెప్పండి? ఇంకెన్నాళ్ళుంటాం గనక!"

నవ్వు అక్కడికక్కడే తెగిపోయింది.   ఆ ఇరవై ఆరుమందిలో ఆ మాట అననివాళ్ళు లేరు. కాఫీ తాగుతూ అంటారు, మెట్లెక్కుతూ అంటారు, ఆవులిస్తూ కూడా అంటారు. అది మాటవరసకి అనే మాట, అంతే. తొమ్మిదేళ్ళ నోటి నుంచి వింటే అది మాటవరసకి అన్నట్టు లేదు. ఈ ఊళ్ళో అసలే లేదు.

ఉస్తీనా అందరి మొహాలూ చూసింది. "ఏం, తప్పన్నానా?" అని, శాలువా మోకాళ్ళ మీదకి లాక్కుని కూర్చుంది.

జినోవీ కార్పోవిచ్ టోపీ చేత్తో పట్టుకుని లేచాడు.  తన కుర్చీ అక్కడే వదిలేసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఓటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

 బాంబుల భయం తయీసియాకి అలవాటే. దానికి నడవాలో రెండు గోడల మధ్య చాప పరిచి ఉంచింది. ఈ భయానికి ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఆ సాయంత్రం పక్కన కూర్చుని తీరిగ్గా దుంపలు చెక్కుతున్న మనవరాలిని చూస్తుంటే, దాన్ని భుజాలు పట్టుకుని కుదిపేయాలని, ఒళ్ళో పెట్టుకుని ఏడవాలని, రెండూ ఒకేసారి అనిపించాయి.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి బేస్‌మెంటులోంచి ఢమఢమా చప్పుళ్ళు. తయీసియా హడలిపోయి దిగి చూస్తే జినోవీ కార్పోవిచ్ పలుగుతో కొట్టు తలుపు పీకుతున్నాడు.

"చూస్తూ నిలబడ్డావేం? పట్టు ఈ చెక్క."

"కార్పోవిచ్ గారూ..."

"మాట్లాడకు. నిన్న పిల్ల అన్నది నా మాట." మేకు ఒకటి కీచుమంటూ ఊడొచ్చింది. "రోజుకి పదిసార్లు అంటాను ఆ బెంచీ మీద. నాకు డెబ్బై ఎనిమిది, నేనంటే ఏదో అర్థముంది. అది నా పక్కన కూర్చుని గింజలు కొరుక్కుంటుంటే నాకేం తెలుసు, అన్నీ ఏరుకుంటోందని?" ఇంకో మేకు పీకాడు. "ఎంత సిగ్గేసిందో తెలుసా? హన్నా ఉండుంటే నా చెంప పగలగొట్టేది. పట్టు, పట్టు, కాలి మీద పడుతుంది."

కరెంటు లేదు కనుక లిఫ్టు లేదు. ముప్ఫై ఒక్క సీసాల్ని ఆరో అంతస్తుకి చేర్చాలి. రైసా లియొనిదివ్నా ఇల్లిల్లూ తట్టి జనాన్ని లేపింది. మెట్టు మలుపుకొకరు చొప్పున నిలబడి సీసాలు చేతులు మార్చుకున్నారు. ఉస్తీనా రెండో అంతస్తులో నిలబడి, "అడుగున చెయ్యి పెట్టండి, మూతని నమ్ముకోకండి! మీకు మోకాలు నొప్పి కదా, మీరు దిగండి!" అని అజమాయిషీ చేసింది. ఒక్కటీ పగల్లేదు. జినోవీ కార్పోవిచ్ బీరువాలోంచి తన కోట్లన్నీ తీసి కుర్చీల మీద పడేసి, పూల కాగితం పరిచి, సీసాల్ని అదే వరసలో పెట్టుకున్నాడు.

రెండో ద్వారం తుప్పు పట్టి ససేమిరా తెరుచుకోనంది. కిరసనాయిలు పోశారు, సుత్తితో కొట్టారు. చివరికి రైసా లియొనిదివ్నా దాన్ని తిట్టిన తిట్లకి తెరుచుకుంది. వారంలో అధికారి వచ్చి, ఒక ద్వారంలోంచి దిగి రెండోదాంట్లోంచి ఎక్కి, కాగితం మీద ముద్ర కొట్టాడు.

మంగళవారం నాలుగింటికి పద్నాలుగుమంది పిల్లలు వచ్చారు. వచ్చీ రాగానే అరుచుకుంటూ ఆ గోడ నుంచి ఈ గోడకి పరిగెత్తారు. మూడేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ చప్పుడు. అప్పుడే బాంబు దాడి అలారం మోగింది కనుక పెన్షనర్లందరూ దిగొచ్చి గోడ వారన బెంచీల మీద సర్దుకున్నారు. అలారం మోగకపోయినా వచ్చేవాళ్ళేలెండి, ఏదో మర్యాదకి మోగింది.

ఉస్తీనా శాలువా కప్పుకుని దిగింది. పిల్లల్ని ఒక చూపు చూసి, పెదవి విరిచి, తిన్నగా బెంచీ దగ్గరికి వెళ్ళింది. జినోవీ కార్పోవిచ్ పక్కనున్న ఖాళీలో టోపీ పెట్టేశాడు.

"ఇక్కడ చోటు లేదు."

"నేనెప్పుడూ ఇక్కడే కదండీ కూర్చునేది!"

"ఇది పెన్షనర్ల బెంచీ. కార్డు చూపించు."

"నాకు కార్డెక్కడిది?"

"లేనివాళ్ళు అటు." అని గడ్డంతో పిల్లలవైపు చూపించాడు.

ఉస్తీనా రైసా లియొనిదివ్నా వైపు చూసింది. రైసా లియొనిదివ్నా ఎంతో శ్రద్ధగా పైపుల వైపు చూసింది. బెంచీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కరూ జరగలేదు. పిల్ల మొహం ఎర్రగా కందిపోయింది. "ఇది మీకు తగదు కార్పోవిచ్ గారూ" అంది. శాలువా తీసి అమ్మమ్మ మీదకి విసిరేసి వెనక వరసలోకి నడిచింది. జినోవీ కార్పోవిచ్ చేతిరుమాలు తీసి, ఆయనకెప్పుడూ రాని జలుబు తెచ్చుకుని ముక్కు చీదాడు.

తయీసియా అక్కడ నిలబడలేకపోయింది. మెట్లెక్కి తలుపు బయట నిలబడింది. శాలువాని పిండేస్తూ కింది చప్పుళ్ళు వింటోంది. ఫోన్లో పాట, కాళ్ళ చప్పుడు, యారీనా ఒస్తాపివ్నా లెక్కపెట్టడం, మళ్ళీ పాట. పిల్ల ఏడుస్తోందో ఏమో, ఒక మూల ఒంటరిగా నిలబడిందో ఏమో. అరగంట గడిచింది. ఉన్నట్టుండి కింద పెద్ద కేక, ఆ వెంటనే రెండు గొంతుల ఏడుపు. యారీనా ఒస్తాపివ్నా రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"మీ పిల్లేనా ఆ ఉస్తీనా? పదేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, ఇలాంటిదాన్ని చూళ్ళేదు!"

"ఏం చేసింది?"

"జ్లాటాని ముందు వరసలో పెట్టానని జడ పట్టుకుని లాగింది. జ్లాటా దీని చెయ్యి కొరికింది. ఇద్దరూ కింద పడి దొర్లారు!"

"జడ నిజంగా లాగిందా?"

"గుప్పెడు వెంట్రుకలు చేతిలోకొచ్చాయండీ!"

"దేవుడా, నీకు దణ్ణం" అని తయీసియా శిలువ గుర్తు వేసుకుంది. పాపం, యారీనా ఒస్తాపివ్నాకి ఏమీ అర్థంకాలేదు. తయీసియా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, ఇంకెప్పుడైనా ఇలాంటి ఫిర్యాదులుంటే మొహమాటపడకుండా చెప్పమని వేడుకుంది.

క్లాసయ్యాక ఉస్తీనా మెట్లెక్కి వచ్చింది. ఒక మేజోడు మోకాలి దగ్గర చిరిగింది, చేతి మీద పళ్ళ గాట్లున్నాయి, ముక్కు కారుతోంది. అమ్మమ్మని చూడగానే ఆపుకున్న ఏడుపు ఇల్లెగిరిపోయేలా మళ్ళీ ఎత్తుకుంది.

"అది... ముందు... నిలబడింది! అది ఇవాళే వచ్చింది! ఇది మా ఇల్లు!"

"సిగ్గు లేదుటే? జడలు పట్టుకుని కొట్టుకుంటారా?" అని మందలించింది తయీసియా. గొంతులో కోపం కోసం చాలా వెతుక్కోవలసి వచ్చింది.

"రేపు చూపిస్తా దానికి!"

"రేపు క్లాసు లేదు. గురువారం."

"అయితే గురువారం చూపిస్తా. ఆ కూర్చుని తిరిగేది ఉంది చూడు, అది నేర్చేసుకుంటా. వేసవికల్లా దానికన్నా బాగా చేస్తా. పెద్దయ్యాక నేనే టీచరునవుతా. అప్పుడు దాన్ని వెనక వరసలో నిలబెడతా. ఎప్పటికీ వెనకే!"

తయీసియా అక్కడే మెట్టు మీద కూలబడింది. పిల్లని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంకోసారి చెప్పు."

"ఏది?"

"అదే, పెద్దయ్యాక ఏం చేస్తావో."

ఉస్తీనా చొక్కా చేతికి ముక్కు తుడుచుకుని మళ్ళీ మొదట్నించీ చెప్పింది. ఈసారి జ్లాటాకి శిక్ష ఇంకాస్త పెంచింది.